కాపురం కాశీబుగ్గలో, పన్ను రెండు దేశాల్లో: ఒక కేసు ఫైలు

ఈ కేసు శ్రీకాకుళంలో మా ఆఫీసుకు 2025 జూలైలో వచ్చింది. క్లయింట్ల అనుమతితో రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను, అంకెలు కాస్త సరిచేసి గుండ్రంగా ఇచ్చాను. పన్ను లెక్క మాత్రం మారలేదు.

భర్తది ఉద్దానం. పదకొండేళ్లు దుబాయ్‌లో ఉద్యోగం చేసి, 2023 జూన్ 20న భార్యతో సహా వచ్చేసి కాశీబుగ్గలో కాపురం పెట్టారు. పలాసలో సొంత పేరు మీద చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నారు. ఊళ్లో తాతలనాటి కొబ్బరి, జీడి తోట ఉంది, దాన్ని కౌలుకిచ్చారు. భార్య అమెరికా పౌరురాలు. దుబాయ్ స్కూల్లో టీచర్‌గా ఉన్నప్పుడు పరిచయం, 2020లో రిజిస్టర్ పెళ్లి. విదేశీ పౌరులైనా ఇండియాలో ఎన్నాళ్లయినా ఉండనిచ్చే ఓసీఐ కార్డు వచ్చాకే కాపురం ఇటు మార్చారు. 2023 జనవరి నుంచి ఆవిడ ఒక అమెరికన్ కంపెనీకి ఇంట్లో కూర్చునే పాఠాలు తయారుచేసి ఇస్తున్నారు. జీతం నెలకు 2,000 డాలర్లు, అమెరికాలోని ఆవిడ ఖాతాలో పడుతుంది.

వాళ్లు అడగడానికి వచ్చింది చాలా చిన్న విషయం. ఆవిడ పేరు మీదున్న ఎఫ్‌డీ వడ్డీలో బ్యాంకు రూ.10,500 టీడీఎస్ కోసింది. "అది రీఫండ్ వస్తుందా ఆడిటర్ గారూ?" అని భర్త అడిగారు. ఆవిడ ఏఐఎస్ (పన్ను శాఖ దగ్గరుండే వార్షిక సమాచార పత్రం) తెరిచి చూస్తే ఆ వడ్డీ, ఆ టీడీఎస్ తప్ప ఇంకేమీ లేదు. జీతం సంగతి అడిగాను. "దానికి అమెరికాలో కట్ అవుతోంది కదండీ, డబ్ల్యూ-2 (అక్కడి కంపెనీ ఇచ్చే జీతం, పన్ను పత్రం) కూడా ఉంది" అన్నారు. కేసంతా ఆ మాటలోనే ఉంది.

జీతం ఎక్కడిది?

డబ్బు ఏ దేశంలో చేతికందింది అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పని ఎక్కడ కూర్చుని చేశారు అన్నదే ప్రశ్న. ఇండియాలో చేసిన పనికి వచ్చే జీతం ఇండియాలో పుట్టిన ఆదాయమేనని ఈ కేసులోని ఏళ్లకు వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 9 చెబుతుంది. కంపెనీ డాలస్‌లో ఉన్నా, జీతం అమెరికా బ్యాంకులో పడినా తేడా లేదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం కూడా ఉద్యోగం చేసిన దేశానికే మొదటి హక్కు ఇస్తుంది.

ఇక్కడ చాలామంది "మేం ఆర్‌ఎన్‌ఓఆర్ కదా, విదేశీ ఆదాయం మీద పన్ను ఉండదు కదా" అంటారు. నిజమే, ఆవిడ ఆర్‌ఎన్‌ఓఆరే, అంటే రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్. 2023-24లో ఇక్కడ 286 రోజులున్నారు కాబట్టి రెసిడెంట్. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లకు పైగా నాన్ రెసిడెంట్ కాబట్టి నాట్ ఆర్డినరీ. 2024-25లో కూడా అంతే. అయితే ఆ హోదా కాపాడేది బయట పుట్టి బయటే అందిన ఆదాయాన్ని. అమెరికా బ్యాంకులో పడే కొద్దిపాటి వడ్డీ, డివిడెండు దాని కిందికి వస్తాయి. కాశీబుగ్గ మేడ మీద గదిలో చేసిన పనికి వచ్చిన జీతం రాదు.

పోనీ, అమెరికాలో కోసిన పన్నుకు ఫారం 67 పెట్టి ఇక్కడ క్రెడిట్ తీసుకోవచ్చా, అంటే ఇక్కడి పన్నులో దాన్ని తగ్గించుకోవచ్చా? భర్త ఆశ అంతా దాని మీదే. కుదరదు. ఆవిడ జీతం మీద అమెరికా పన్ను వేస్తున్నది ఆవిడ పౌరురాలు అన్న ఒక్క కారణంతోనే. పౌరసత్వం ఒక్కటే ఆధారంగా వేసిన పన్నుకు ఒప్పందంలోని 25వ ఆర్టికల్ కింద ఇండియా క్రెడిట్ ఇవ్వదు. ఈ ఆదాయం విషయంలో తగ్గాల్సింది అమెరికా. ఇండియా పన్ను పూర్తిగా కట్టి, అక్కడ మినహాయింపు తీసుకోవాలి. వీళ్లు సరిగ్గా తిరగేసి చేస్తున్నారు.

2024-25 లెక్క చూడండి. జీతం 24,000 డాలర్లు. రూల్ 115 ప్రకారం ప్రతి నెల జీతానికీ అంతకుముందు నెల చివరి రోజు స్టేట్ బ్యాంకు టీటీ బయింగ్ రేటు (బ్యాంకు డాలర్లు కొనే రేటు) పట్టుకుని మారిస్తే సుమారు రూ.20 లక్షలు. రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా కొత్త విధానంలో పన్ను, సెస్సుతో కలిపి సుమారు రూ.2.79 లక్షలు. అదే జీతం మీద అమెరికాలో 14,600 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ పోను పన్ను 940 డాలర్లు, అంటే సుమారు రూ.79 వేలు. కట్టనక్కర్లేని చోట 79 వేలు కడుతూ, కట్టాల్సిన చోట సున్నా చూపిస్తున్నారన్నమాట.

2023-24కి అసలు రిటర్నే లేదు. గడువు, ఆలస్యపు గడువు రెండూ దాటిపోయాయి. మిగిలింది ఐటీఆర్-యూ, అంటే గడువులు దాటాక అదనపు పన్నుతో వేసే అప్‌డేటెడ్ రిటర్ను ఒక్కటే. ఆ ఏడాది సుమారు తొమ్మిది నెలల జీతానికి పన్ను లక్షన్నర దాటింది. దాని మీద వడ్డీ, రూ.5,000 ఆలస్య రుసుము. ఆపైన, అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి మరుసటి ఏడాది) ముగిసిన ఏడాదిలోపే వేస్తున్నాం కాబట్టి 25 శాతం అదనం. అన్నీ కలిపి రూ.2.6 లక్షలు దాటాయి. 2026 మార్చి 31 దాటి ఉంటే ఆ 25 శాతం 50 అయ్యేది. రీఫండ్ కోసం వచ్చిన మనిషికి ఈ అంకె చెప్పడం అంత సులువు కాదు. భర్త కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడే, వచ్చీరాని తెలుగులో, "ఇప్పుడు కట్టేద్దాం, తర్వాత టెన్షన్ వద్దు" అన్నారు.

న్యూజెర్సీ సలహా

అమెరికా వైపు రిటర్ను నేను వెయ్యను. దానికి అక్కడి లైసెన్సున్న ఎన్రోల్డ్ ఏజెంట్ ఒకరితో కలిసి పనిచేస్తాను. కానీ ఏ హోదాతో రిటర్ను వెయ్యాలన్న నిర్ణయంలో ఇండియా లెక్క తెలిసినవాడు పక్కన లేకపోతే దెబ్బ తింటారు. ఈ కేసులో అదే జరగబోయింది.

ఆవిడ పెళ్లయ్యాక కూడా ప్రతి ఏడూ సాఫ్ట్‌వేర్‌లో "సింగిల్" అనే వేస్తున్నారు. భర్త అమెరికా మనిషి కాడు కాబట్టి లెక్కలోకి రాడనుకున్నారట. అది తప్పు. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే సింగిల్ కుదరదు. జాయింటుగానో, విడివిడిగానో వెయ్యాలి. ఇది తెలిశాక న్యూజెర్సీలో ఉన్న భర్త స్నేహితుడు గట్టి సలహా ఇచ్చాడు: "జాయింట్ వెయ్యి మావా, ఇక్కడ అందరం అదే వేస్తాం, డిడక్షన్ డబుల్ వస్తుంది."

ఆ స్నేహితుడు చెప్పింది తన ఇంటికి నిజమే. హెచ్-1బీ మీద భర్త, హెచ్-4 మీద భార్య, ఇద్దరూ అక్కడే ఉండి అక్కడి లెక్కలో రెసిడెంట్లే అయితే జాయింట్ లాభమే. మన జిల్లా నుంచి వెళ్లిన వాళ్లలో చాలామంది పరిస్థితి అదే కాబట్టి ఈ సలహా వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. ఈ జంటలో భర్త అమెరికా చట్టం దృష్టిలో నాన్ రెసిడెంట్ ఏలియన్ (ఎన్‌ఆర్‌ఏ), అంటే అక్కడి పౌరుడూ కాడు, నివాసీ కాడు. ఆయనతో కలిపి జాయింట్ వెయ్యాలంటే సెక్షన్ 6013(జి) కింద "నన్ను కూడా మీ రెసిడెంటుగానే చూడండి" అని ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం రిటర్నుకు జతచెయ్యాలి. ఆ సంతకంతో ఆయన ప్రపంచ ఆదాయం మొత్తం అమెరికా పన్ను కిందికి వెళుతుంది. ఆ ఒక్క ఏడాదికే కాదు, రద్దు చేసుకునేదాకా ప్రతి ఏడూ. ఒకసారి రద్దు చేసుకుంటే జీవితంలో మళ్లీ ఆ అవకాశం ఇద్దరికీ ఉండదు.

ఆయన ఆదాయం ఏమిటో బల్ల మీద పెట్టి చూశాం. జీడిపప్పు యూనిట్ లాభం సుమారు రూ.9 లక్షలు. దీనికి ఇక్కడ పన్ను కడుతున్నారు కాబట్టి అక్కడ క్రెడిట్ దొరుకుతుంది, తిప్పలు పడైనా సర్దవచ్చు. బ్యాంకు వడ్డీలు కొన్ని. అసలు చిక్కు తోట కౌలు, ఏడాదికి రూ.2.5 లక్షలు. మన చట్టంలో వ్యవసాయ భూమి మీద కౌలు వ్యవసాయ ఆదాయమే. సెక్షన్ 10(1) కింద పన్ను లేదు, మిగతా ఆదాయానికి రేటు తేల్చేటప్పుడు కలుపుతారు, అంతే. అమెరికా చట్టానికి ఉద్దానం తోట అయినా, ఒహాయోలో అద్దె ఇల్లయినా ఒకటే, అద్దె అద్దే. ఇక్కడ పన్నే కట్టలేదు కాబట్టి ఆ కౌలు పేరు చెప్పి చూపించడానికి క్రెడిట్ కూడా లేదు. తాతలనాటి నుంచి ఏ పన్నూ ఎరగని తోటను, ఒక డిడక్షన్ కోసం ఏరి కోరి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు అప్పజెప్పడమే అవుతుంది.

ఆ డిడక్షన్ వల్ల లాభమైనా ఉందా అంటే అదీ లేదు. ఆవిడ ఏడాదిలో 330 పూర్తి రోజులకు పైగా అమెరికా బయటే ఉంటున్నారు. 2024 క్రిస్మస్‌కు వెళ్లింది మూడు వారాలే. ఫారం 2555 వేస్తే 2024కి 1,26,500 డాలర్ల వరకు సంపాదన మినహాయింపు. ఆవిడ జీతం 24,000. విడిగా వేసినా అమెరికా ఆదాయపు పన్ను సున్నాయే. సున్నాను ఇంకా తగ్గించేదేముంది?

దుబాయ్‌లో ఉన్నప్పుడు ఆవిడ ఈ 2555 వేసేవారట. డబ్ల్యూ-2 రావడం మొదలయ్యాక, "ఇది అమెరికా జీతం కదా, వర్తించదు" అనుకుని మానేశారు. కంపెనీ ఎక్కడుందన్నది దీనికీ అనవసరం, మనిషి ఎక్కడున్నారన్నదే చూస్తారు. చివరికి తేల్చింది మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ, అంటే పెళ్లయినవాళ్లు విడిగా వేసే రిటర్ను. భర్త సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగే గడిలో ఎన్‌ఆర్‌ఏ అని రాస్తే సరిపోతుంది, ఆయన ఐటీఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లకు ఇచ్చే అమెరికా పన్ను నంబరు) తీసుకోనక్కర్లేదు. జాయింట్ అయితే ఐటీఐఎన్ కోసం డబ్ల్యూ-7 దరఖాస్తు, పాస్‌పోర్టు ఒరిజినల్ గానీ అధికారికంగా ధ్రువీకరించిన నకలు గానీ పంపడం, అదొక పెద్ద తతంగం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. విడిగా వేసే వాళ్లకు రిటర్ను తప్పనిసరి అయ్యే హద్దు 5 డాలర్లు. ఐదు వేలు కాదు, ఐదే. పన్ను సున్నా అయినా ఆవిడ ప్రతి ఏడూ వెయ్యాల్సిందే.

ఈ మినహాయింపు తనకు వర్తిస్తుందని తెలిపే ఫారం 673 ఆవిడ చేత కంపెనీకి ఇప్పించాం, ఇకముందు ఫెడరల్ ఆదాయపు పన్ను కొయ్యరు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయే 7.65 శాతం మాత్రం ఆగదు. ఈ విషయంలో ఇండియాకు, అమెరికాకు మధ్య ఒప్పందం లేదు, ఫారం 2555 మినహాయింపు కూడా దీనికి వర్తించదు. శాశ్వత చిరునామా టెక్సాస్‌లోని పుట్టిల్లు, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కాబట్టి ఆ గొడవ తప్పింది.

ఎఫ్‌డీ ఎవరిది?

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. భర్తకు దుబాయ్ కంపెనీ ఇచ్చిన గ్రాట్యుటీలోంచి రూ.15 లక్షలు 2023 నవంబరులో భార్య పేరున 7 శాతానికి ఎఫ్‌డీ వేశారు. భార్యకు ఇచ్చిన డబ్బు మీద గిఫ్ట్ పన్ను లేదు, నిజమే. కానీ దాని మీద వచ్చే ఆదాయం సెక్షన్ 64 కింద భర్త ఆదాయంలోనే కలుస్తుంది. భార్య ఏ దేశ పౌరురాలన్నది ఈ సెక్షన్ అడగదు. కాబట్టి రూ.1,05,000 వడ్డీ ఆయన రిటర్నులో చూపించాం. ఆ వడ్డీని మళ్లీ మదుపు చేస్తే దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆవిడదే అవుతుంది, భర్త ఆదాయంలో కలపడం (క్లబ్బింగ్) అక్కడ ఆగుతుంది. టీడీఎస్ ఆవిడ పాన్ మీద పడింది కనుక రూల్ 37బీఏ ప్రకారం ఆవిడ రిటర్నులో వదిలి, ఆయన రిటర్నులో తీసుకున్నాం. రీఫండ్ రాలేదు, ఆయన కట్టాల్సిన పన్నులో సర్దుబాటైంది.

అమెరికా ఈ ఎఫ్‌డీని ఇలా చూడదు. పేరు ఆవిడది, డబ్బు ఆవిడకిచ్చేశారు, కాబట్టి వడ్డీ ఆవిడ ఆదాయం. ఒకే వడ్డీ ఇక్కడ భర్తది, అక్కడ భార్యది. భర్త ఇక్కడ కట్టిన పన్నుకు భార్య అక్కడ క్రెడిట్ అడగడానికి లేదు, చట్టప్రకారం కట్టాల్సిన మనిషి వేరు కాబట్టి. ప్రస్తుతానికి ఆ వడ్డీ 1,250 డాలర్ల దగ్గరే ఉంది, స్టాండర్డ్ డిడక్షన్‌లో కరిగిపోతుంది, నష్టం లేదు. అదే కోటి రూపాయల ఎఫ్‌డీ అయితే పన్ను రెండుసార్లు పడేది. ఇలాంటి ఇళ్లలో ఎవరి సంపాదన వాళ్ల పేరునే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. ఎఫ్‌డీ గడువు తీరాక భర్త పేరుకు మార్చమన్నాను. ఆవిడ జీతంలోంచి దాచుకునేది ఆవిడ పేరున వేసుకోవచ్చు.

ఇక్కడి ఫండ్ల ఏజెంటు ఒకడు ఆవిడ చేత మ్యూచువల్ ఫండ్ సిప్ కూడా మొదలుపెట్టించాడు. మన ఫండ్లు అమెరికా పౌరులకు పీఎఫ్‌ఐసీ (పాసివ్ ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ) కిందికి వస్తాయి. ఫండుకొక ఫారం 8621, పన్ను కూడా వాతపెట్టినట్టే ఉంటుంది. వెంటనే ఆపించాం.

అత్తగారి పాస్‌బుక్

ఎఫ్‌బార్ అంటే అమెరికా బయట ఉన్న ఖాతాలన్నిటి గరిష్ఠ నిల్వలు కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ఆర్థిక నేరాల నిఘా విభాగం ఫిన్‌సెన్‌కు ఇవ్వాల్సిన సమాచారం. అది రిటర్నులో భాగం కాదు, వేరే దాఖలు. ఆవిడకు దీని గురించే తెలియదు. దుబాయ్ ఖాతాలు, ఇక్కడి ఎఫ్‌డీ, భర్తతో ఉమ్మడి సేవింగ్స్ అన్నీ ఇందులోకి వస్తాయి. ఉమ్మడి ఖాతాలో సగం కాదు, మొత్తం నిల్వ చూపించాలి.

"ఇంకెక్కడైనా మీ సంతకం చెల్లే ఖాతా ఉందా?" అని అడిగితే లేదన్నారు. రెండు రోజుల తర్వాత భర్త ఫోన్. వాళ్లమ్మగారి ఖాతాలో, ఆసుపత్రి ఖర్చులకు అక్కరకొస్తుందని, కోడలి పేరు ఐదర్ ఆర్ సర్వైవర్‌గా (ఇద్దరిలో ఎవరి సంతకమైనా చెల్లేలా) కలిపారట. డబ్బు పైసా కోడలిది కాదు. అయినా సంతకం చెల్లుతుంది కాబట్టి ఎఫ్‌బార్‌లో చూపించాల్సిందే. పెద్దావిడ పాస్‌బుక్ చీరకొంగులో చుట్టుకుని ఆఫీసుకు వచ్చారు. "నా డబ్బుల్తో ఆళ్లకేటి పని బాబూ?" అని నిలదీశారు. పన్ను వెయ్యరు, ఖాతా ఉందని చెప్పడమే అని నచ్చజెప్పాక పాస్‌బుక్ బల్ల మీద పెట్టారు. కావలసింది ఏడాది చివరి నిల్వ కాదు, ఏడాదిలో అత్యధిక నిల్వ. వేసవిలో కౌలు డబ్బు పడిన రోజు రూ.3,12,000 ఉంది, వారంలో తీసేశారు. ఆ వరుస కింద పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాం. పెద్దావిడ వెళ్తూ వెళ్తూ కోడలి పేరు తీసెయ్యమంటారా అని అడిగారు. వద్దన్నాను. రేపు ఆసుపత్రిలో అవసరపడే ఏర్పాటును ఒక ఫారం కోసం చెడగొట్టుకోకూడదు.

బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఫాట్కా (విదేశీ ఖాతాల సమాచారం కోరే అమెరికా చట్టం) పత్రం నకలు కూడా తెప్పించి చూశాం. "ఇండియా తప్ప మరే దేశంలోనూ పన్ను నివాసిని కాను" అన్న గడిలో టిక్కు ఉంది. కౌంటర్‌లో అందరికీ పెట్టినట్టే పెట్టేసి సంతకం చేయించుకున్నారు. 2015 ఒప్పందం ప్రకారం అమెరికా పౌరుల ఖాతాల వివరాలు ఇక్కడి నుంచి అక్కడికి వెళతాయి. ఆవిడ సోషల్ సెక్యూరిటీ నంబరుతో సరైన పత్రం కొత్తగా ఇప్పించాం.

అమెరికా వైపు పాత తప్పులను సరిదిద్దడానికి ఎన్రోల్డ్ ఏజెంట్ స్ట్రీమ్‌లైన్డ్ ఫారిన్ ఆఫ్‌షోర్ అనే పద్ధతి ఎంచుకున్నారు. మూడేళ్ల సవరణ రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్లు, కావాలని దాచలేదని చెప్పే ఫారం 14653. జరిమానా ఉండదు. ఆ ఫారంలో ఆవిడ మొదట "నాకు తెలియదు" అని ఒక్క ముక్క రాసి పంపితే ఏజెంట్ తిప్పి పంపారు. ఏ ఖాతా ఎప్పుడు, ఎందుకు తెరిచారు, రిటర్ను ఎవరు వేశారు, విషయం ఎప్పుడు, ఎలా తెలిసింది, అన్నీ తేదీలతో రాయాలి. అబద్ధమైతే నేరమని తెలిసి చేసే సంతకం అది. ఇక్కడి తేదీల పట్టిక నేను తయారుచేసి ఇచ్చాను, కథ ఆవిడ మాటల్లోనే ఉంచాం.

ఇప్పుడు ఎక్కడున్నాం

2023-24 ఐటీఆర్-యూ ఆగస్టులో వేశాం. 2024-25 రిటర్నులు ఇద్దరివీ సెప్టెంబరు గడువులోపే వెళ్లాయి. ఆవిడకు ఆధార్ లేదు, భారత పౌరురాలు కాదు కాబట్టి పాన్‌తో లింకు తప్పనిసరీ కాదు. ఈ-వెరిఫికేషన్ నెట్ బ్యాంకింగ్ ద్వారా చేయించాం. ఆ కంపెనీకి ఇక్కడ టాన్ (టీడీఎస్ కోసేవాళ్లకు ఉండాల్సిన నంబరు) లేదు, టీడీఎస్ కోసేవాళ్లు లేరు. అందుకని 2025-26కి అడ్వాన్స్ ట్యాక్స్ ఆవిడే కడుతున్నారు. మారిన స్లాబులతో ఏడాదికి రెండు లక్షల చిల్లర అవుతుంది. అమెరికా సవరణ రిటర్నులు పంపారు, 2023, 2024లలో కోసిన ఫెడరల్ పన్ను వాపసు రావాలి.

ముందున్న పని ఇంకొకటి ఉంది. దుబాయ్‌లో ఉన్నన్నాళ్లూ భర్త ఏటా సెలవులకు ఊరొచ్చేవారు. ఆ రోజులన్నీ కలిస్తే గత ఏడేళ్లలో ఇండియాలో ఉన్న రోజులు ఆర్‌ఎన్‌ఓఆర్ హోదాకు హద్దయిన 729 దాటిపోయాయి, కాబట్టి 2025-26 నుంచి ఆయన ఆర్డినరీ రెసిడెంట్. ఆవిడ రోజులు ఇంకా 729 లోపే ఉన్నాయి కనుక మరో ఏడాది ఆర్‌ఎన్‌ఓఆరే. ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరికి ఒకే ఏడాది రెండు హోదాలు. 2025-26 రిటర్నులో ఆయన షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. దుబాయ్‌లో మూసెయ్యకుండా వదిలిన ఖాతా ఒకటుంది. బయటి ఆస్తులు, స్థిరాస్తి కాకుండా, మొత్తం రూ.20 లక్షలు మించకపోతే నల్లధనం చట్టం కింద రూ.10 లక్షల జరిమానా ఇప్పుడు లేదు. చూపించాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది. ఆ షెడ్యూల్ మన ఆర్థిక సంవత్సరం పట్టుకోదు, జనవరి నుంచి డిసెంబరు చూస్తుంది. 2025 డిసెంబరు 31 వరకు దుబాయ్ ఖాతా స్టేట్‌మెంటు తెప్పించమన్నాను. ఆవిడ అమెరికా ఖాతాల వంతు ఆ మరుసటి ఏడాది, కొత్త ఆదాయపు పన్ను చట్టం కింద వేసే మొదటి రిటర్నులో.